మొద్దుబారేదాకా

కుట్లు అయ్యాకే బిడ్డ. ఈ ఆసుపత్రిలో అదీ పద్ధతి. ఆయమ్మ ఆ మాట చెప్పేసి, నా మోకాళ్ళమీద ఆకుపచ్చ గుడ్డ సర్ది, డాక్టరమ్మ తెర అవతల ఇంకో కాన్పు చూస్తోంది, ఇప్పుడే వచ్చేస్తుంది, నువ్వు మాత్రం కదలకు అని బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది. కదలకూడదట. రెండు కాళ్ళూ ఎత్తి ఇనపకమ్ముల మీద పెట్టి పట్టీలు బిగించేశాక ఎటు కదలగలను, నేనేమన్నా సర్కసు మనిషినా. గోడ అవతల గదిలో బిడ్డ ఏడుస్తోంది. నాదేనా? అక్కడ ఇద్దరో ముగ్గురో ఉన్నారు. తల్లికి తన బిడ్డ ఏడుపు ఇట్టే తెలిసిపోతుందంటారు, అన్న మహానుభావులెవరో గానీ వాళ్ళనొకసారి ఈ బల్లమీద పడుకోబెట్టాలి. ఆడపిల్ల అని సిస్టరు చెప్పింది, పైకెత్తి చూపించింది కూడా, కానీ ముఖం వైపు నుంచి కాదు, ఆడపిల్ల అనడానికి రుజువు ఉన్న వైపు నుంచి. తరవాత గుడ్డలో చుట్టి గబగబా తీసుకుపోతుంటే ఒక పాదం బయటికి జారింది, చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డ పాదం. నా బిడ్డ గురించి ఇప్పటికి నాకు తెలిసింది ఆ పాదమే. ముఖం ఎలా ఉంటుందో తెలియదు.

చూడాలనుంది. ఎంతగా ఉందంటే నోరు ఎండిపోయి దాహమేస్తోందన్న సంగతి కూడా దాని తరవాతే గుర్తొస్తోంది. చెయ్యి అలవాటుకొద్దీ పొట్టమీదికి పోయింది. అక్కడ ఎవరూ లేరు. పొట్ట మెత్తగా, అద్దెకున్నవాళ్ళు ఖాళీచేసి వెళ్ళిన ఇల్లులా ఉంది. పొద్దుటిదాకా నా పక్కటెముకల కింద మడమ పెట్టి నొక్కిన బిడ్డ ఇప్పుడు గోడ అవతల ఎవరి చేతుల్లోనో ఉంది. ఒకే ఒళ్ళుగా ఉన్నవాళ్ళం, పేగు కత్తిరించగానే మధ్యలో గోడ కట్టేశారు. కిటికీ అద్దాలకి సగందాకా తెల్లరంగు పూశారు, ఆ పైసగంలో మధ్యాహ్నపు వెలుతురు కనబడుతోంది, ఎవరో వీధిలో బండి స్టార్టు చెయ్యలేక తిప్పలు పడుతున్నారు. ఏడుపు ఆగింది. ఎందుకు ఆగింది? ఎత్తుకున్నారా, నిద్రపోయిందా? ఏడ్చినా బెంగే, ఆపినా బెంగే. తొందరగా రా డాక్టరమ్మా. వద్దు, రాకు. వస్తే సూది, ఆ తరవాత దారం. రాకపోతే బిడ్డ రాదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఈ బల్లమీద పడుకున్నవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

మా పెద్దది పుట్టినప్పుడు కూడా ఇదే గది, ఇదే డాక్టరమ్మ. పెద్దదాన్ని ఇంట్లో పిడుగు అంటాం, కారణం అది ఉన్న ఇంట్లో ఒక్క పూట గడిపితే తెలుస్తుంది. డాక్టరమ్మది మంచి హస్తవాసి అని పేరు, అది అబద్ధం కాదు, పిడుగు మెడకి పేగు చుట్టుకుంటే ఎంత నేర్పుగా తప్పించిందో. బిడ్డ పుట్టేదాకా ఆవిడ చెయ్యి బంగారం. పుట్టాకే ఆవిడకి తొందర, ఎందుకంటే తెర అవతల ఎప్పుడూ ఇంకో ఆడమనిషి ఉంటుంది. సూది వేసింది, చురుక్కుమంది, ఇంకా ఆ చురుకు తగ్గకుండానే కుట్టడం మొదలుపెట్టింది. మొదటి కుట్టుకే నడుము బల్లమీంచి లేచిపోయింది. నొప్పండీ అన్నాను. "సూది వేశాంగా, ఇంకా నొప్పేంటి?" అంది. కోపంగా కూడా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. అంత బిడ్డని కన్నావు, గోరంత కుట్టుకి ఓర్చుకోలేవా అని ఆయమ్మ నా భుజం నొక్కిపట్టింది. మందు ఇచ్చారు, ఇచ్చినట్టు రాసుకున్నారు, కాబట్టి నొప్పి ఉండకూడదు, ఉందని నేను అంటే అది నా సుకుమారం. నాకే అనుమానం వచ్చింది, నేనే లేనిదానికి ఇంత చేస్తున్నానేమో అని. పురిటినొప్పులకి నేను అంతగా అరవలేదు. వాటికో మర్యాద ఉంది, వస్తాయి, పోతాయి, మధ్యలో ఊపిరి తీసుకోనిస్తాయి, అన్నింటి చివరా ఒక బిడ్డ ఉంటుంది. కుట్టు చివర ఏముంది, ముడి తప్ప.

పళ్ళు టకటకా కొట్టుకోవడం అప్పుడే మొదలైంది. అంతా అయ్యాక దాన్ని తెచ్చి నా ఛాతీమీద పెట్టారు. చేతులు వణికిపోతున్నాయి, కళ్ళలో నీళ్ళు తప్ప ఇంకేం లేవు, ఏదో వెచ్చని మూట ఉందని తెలిసింది, అంతే. "పడేసేలా ఉంది, తీసెయ్యండి, రేపు ఎత్తుకుంటుందిలే," అన్నారెవరో. తీసేశారు. మళ్ళీ నేను దాన్ని తీరిగ్గా చూసేసరికి అది స్నానం చేసి, తల దువ్వించుకుని, పాలకి అలవాటుపడి, ఈ లోకంలో పాత కాపులా పడుకుని ఉంది. ముక్కు వాళ్ళ నాన్నది, చెవులు మా అత్తయ్యవి, నుదురు మేనత్తది అని పంపకాలు కూడా అయిపోయాయి, నా వాటాకి మొండితనం ఒక్కటి మిగిల్చారు. ఇప్పుడు జడ వేస్తున్నప్పుడల్లా అడుగుతుంది, అమ్మా, నేను పుట్టగానే ఎలా ఉన్నాను అని. ఎర్రగా ఉన్నావు, పిడికిళ్ళు బిగించావు, ఒక్క కన్నే తెరిచావు అని చెప్తాను. అవన్నీ మా అత్తయ్య చూసినవి. అప్పుడు నువ్వేం చేశావు అంటుంది. ముద్దు పెట్టాను అంటాను. ఎక్కడ? ముక్కుమీద. అది జడ వదిలించుకుని వెనక్కి తిరిగి ముక్కు చూపిస్తుంది, ఇక్కడా అని. ఆ ఒక్క గంట నాకు కావాలి. ఎన్ని ఫొటోలు చూసినా, ఎంతమంది ఎంత చెప్పినా ఆ గంట నాది కాలేదు. నేను అక్కడే ఉన్నాను, దానికి అడుగుదూరంలో ఉన్నాను, అయినా ఉన్నట్టు కాదు.

తెర అవతల ఆమె గట్టిగా మూలిగింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటోంది డాక్టరమ్మ. ఆ గొంతు వింటే ఎవరికైనా ధైర్యం వస్తుంది, అదే చిత్రం. గొంతు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు, నేను బస్టాండులో అనౌన్సర్ని. దయచేసి వినండి, నాలుగో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది అని రోజంతా చెప్పే గొంతు నాదే. నిద్రపోతున్నవాళ్ళు లేస్తారు, పోట్లాడుకుంటున్నవాళ్ళు ఆగుతారు, పరుగెత్తాల్సినవాళ్ళు పరుగెత్తుతారు. ఆ గొంతు వింటూ నిలబడిపోయి బస్సు తప్పిపోయిందని మా ఆయన చెప్పుకుంటాడు, కాదు, బెంచీమీద గుర్రుపెట్టి పోగొట్టుకున్నాడని వాళ్ళమ్మ చెప్తుంది, ఏదైతేనేం, ఆ రోజు బస్సు పోయింది, పెళ్ళయింది. అంత గొంతూ ఈ బల్లమీద పోయినసారి ఒక్క 'నొప్పండీ' తరవాత పూడుకుపోయింది. మైకు ముందు నేను కనబడను, అందుకే అంత ధైర్యం. ఇక్కడ నా ముఖం తప్ప అన్నీ కనబడుతున్నాయి. కాళ్ళు ఎత్తి, చీర లేకుండా, తల కిందికి వాల్చి పడుకున్న మనిషి ఎవరితోనైనా ఏం వాదిస్తుంది.

ఈసారి నాకొక సంగతి తెలుసు, అదీ తేడా. పిడుగు బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడు నాకు చివరి దవడపన్ను పోటు పెట్టింది. జ్ఞానదంతం అంటారు దాన్ని, నాకు జ్ఞానం నిజంగానే అది పీకించుకున్నప్పుడు వచ్చింది. పళ్ళ డాక్టరు చిగురులో సూది వేసి, బయట బెంచీమీద కూర్చోండమ్మా, మొద్దుబారనివ్వాలి, పిలుస్తాను అన్నాడు. కూర్చున్నాను. పెదవి లావెక్కింది, నాలుక ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. పిలిచి, చిగురుమీద పుల్లతో గుచ్చి తెలుస్తోందా అన్నాడు. కొంచెం అన్నాను. అయితే ఇంకాసేపు కూర్చోండి, తొందరేముంది అన్నాడు. ఇంకాసేపు! తొందరేముంది! పుచ్చిపోయిన పన్నుకి, పీకి చెత్తబుట్టలో వేసే పన్నుకి! తిరిగి బెంచీమీద కూర్చుని భోరుమని ఏడ్చాను, పక్కన బుగ్గకి చెయ్యి ఆనించుకున్న పెద్దాయన, భయపడకమ్మా, ఏమీ తెలియదు, నేను మూడు పీకించుకున్నాను అని నన్ను ఓదార్చాడు. భయం కాదు బాబాయిగారూ అని చెప్పడానికి నాలుక తిరగలేదు. మందుది తప్పు కాదు, నా ఒంటిది తప్పు కాదు. సూది వేసి ఎవరూ ఆగలేదు. అంతే జరిగింది. అంత చిన్నది జరిగింది. మందు ఎక్కడానికి పట్టే ఆ కాస్త సమయం నా పంటికి ఇచ్చారు గానీ నాకు ఇవ్వలేదు.

రెండోది కడుపులో పడ్డాక ఈ సంగతి ఇంట్లో చెప్పాను. డాక్టరుతో ఒక మాట చెప్తే సరిపోతుందిగా అన్నాడు మా ఆయన, రక్తపరీక్షకి వేలు గుచ్చితేనే కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకునే వీరుడు. మా అత్తయ్య ఉతికిన బట్టలు మడత పెడుతూ, మా రోజుల్లో ఈ సూదులెక్కడివి, పంటిబిగువున ఓర్చుకున్నాం, అన్నీ మర్చిపోయాం అంది. నిజంగా మర్చిపోయారా అత్తయ్యా అని అడిగాను. ఆవిడ పిడుగు గౌను ఒకటి మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "లేదే," అంది. "మీ ఆయన్ని కన్నప్పటిది అంతా గుర్తే. అడగందే అమ్మయినా పెట్టదు, ఈసారి నోరు విప్పి అడుగు." కిందటి నెల చెకప్‌లో అడగబోయాను కూడా. ముందు కాన్పు కానివ్వమ్మా, ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు ఇప్పట్నుంచే కుట్ల సంగతా అని డాక్టరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను, మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గాని తట్టలేదు, చూలు ఉందిగా, ఇంత పొట్టేసుకుని నిలబడ్డానుగా అని. మనకి జవాబులెప్పుడూ మెట్లు దిగాకే. అప్పట్నుంచీ మైకు కట్టేసి, ఖాళీ గదిలో తలుపు వేసుకుని ఆ మాట చెప్పుకున్నాను. సూది వేశాక కాసేపు ఆగండి. సూది వేశాక దయచేసి కాసేపు ఆగండి. ఎన్ని రకాలుగా చెప్పినా బస్సు బయల్దేరుతున్నట్టే ఉంది.

అదిగో. తెర అవతల కొత్త ఏడుపు. మగపిల్లాడు, మగపిల్లాడు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు, నా కళ్ళూ నిండాయి, ఎవరో ఏమిటో ముఖమైనా ఎరగను. వాణ్ణీ చుట్టేసి తీసుకుపోతున్నారు, చెప్పుల చప్పుడు, తలుపు. వాడి పాదమైనా కనబడిందో లేదో ఆమెకి. కాన్పు గెలిచాం ఇద్దరం, గెలిచినవాళ్ళిద్దరినీ పడుకోబెట్టి బహుమానం గోడ అవతల దాచారు. కుళాయి తిప్పిన చప్పుడు. చేతులు కడుక్కుంటోంది. కొత్త తొడుగులు వేసుకుంటోంది, ఆ రబ్బరు చప్పుడు నాకు గుర్తుంది, ఆరేళ్ళయినా ఒళ్ళు ముందే గుర్తుపట్టి తొడలు బిగుసుకుంటున్నాయి. అమ్మా. మా అమ్మ ఉంటే ఏమనేది. ఏమనేది కాదు, ఊరికే తల దగ్గర నిలబడేది. తల దగ్గర ఎవరైనా నిలబడితే బాగుండు.

డాక్టరమ్మ వచ్చింది, స్టూలు లాక్కుంది, లైటు కిందికి వంచింది. ఏమ్మా, ఎలా ఉంది అంది, జవాబు కోసం కాదు. చల్లటి దూది. చిన్నదేలే, గబగబా కుట్టేస్తాను, బిడ్డ దగ్గరికి పోదువుగాని. సూది. చురుక్కు. ఇంకో చోట చురుక్కు. మంట పాకుతోంది. ఇప్పుడు. ఇప్పుడే చెప్పాలి. ట్రేలో ఇనుము ఇనుముకి తగిలింది, దారం ఎక్కించిన సూది పట్టకారులో పెట్టుకుంటోంది, సిస్టరు కత్తెర అందుకుంది. చెప్పు. ఏమంటుందో, సుకుమారి అంటుందేమో, తెర అవతల ఆమెకి ఆలస్యమవుతుందేమో, అననీ, అవనీ. పిడుగు అడుగుతూనే ఉంది, ఇవాళ పుట్టినది కూడా రేపు జడ వేయించుకుంటూ అడుగుతుంది, నేను పుట్టగానే ఎలా ఉన్నాను అని, ఇంకొకళ్ళ కళ్ళతో చూసింది ఇంకొక బిడ్డకి ఎలా చెప్పను. చల్లటి లోహం తగిలింది.

"ఆగండి!"

నా గొంతే. బస్టాండు గొంతు, పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది. సిస్టరు చేతిలో కత్తెర ట్రేలో పడింది. "ఆగండి డాక్టరమ్మా. మందు ఇంకా ఎక్కలేదు. మొద్దుబారేదాకా ఆగండి. పోయినసారి ఆగలేదు, అంతా తెలిసింది నాకు, ఒక్కొక్క కుట్టూ తెలిసింది." అంత పొడుగు మాట అంటానని నేననుకోలేదు. డాక్టరమ్మ నా మోకాళ్ళ మధ్యనుంచి తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నా ముఖాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి అనిపించింది, మాస్కు పైన కళ్ళు అలసిపోయి ఉన్నాయి. "ఎవరు చెప్పారు నీకివన్నీ?" అంది. పళ్ళ డాక్టరు అన్నాను. ఆయమ్మ ఫక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. గోడ గడియారం చూసింది, తెర వైపు చూసింది. పట్టకారు ట్రేలో పెట్టింది. సరే అంది.

ఆగడం ఆవిడకి చేతకాదని అప్పుడు తెలిసింది. తొడుగులేసుకున్న చేతులు గాల్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక స్టూలుమీద అటూ ఇటూ కదిలింది. మీ బస్సు ఎన్నింటికి అని ఆయమ్మని అడిగింది, ఆయమ్మ నన్ను చూపించి ఆవిడ్ని అడగండి అంది. మంట సద్దుమణుగుతోంది. నాలో ఒక భాగం నెమ్మదిగా ఎటో వెళ్ళిపోతోంది, పోతే పోనీ. "ఊరికే కూర్చున్నాంగా," అంది డాక్టరమ్మ సిస్టరుతో, ఆ ఖాళీ భరించలేనట్టు. "ఆ బిడ్డనైనా తెచ్చి ఇవ్వు." తెర అవతలనుంచి నీరసంగా, కానీ స్పష్టంగా ఒక గొంతు వచ్చింది. "నాక్కూడా అలాగే ఆగండమ్మా." ఆగుతాలేమ్మా, ఇవాళ అందరికీ ఆగుతాను అంది డాక్టరమ్మ, ఆ మాటలో సగం విసుగు, మిగతా సగం ఏమిటో నాకు తెలియలేదు.

తెచ్చారు. ఛాతీమీద పెట్టారు. నా చేతులు వణకలేదు. బరువు. తడి జుట్టు. ముక్కు ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంది, కుడిచెవి మడతపడి అతుక్కుని ఉంది, కనుబొమల మడతల్లో తెల్లగా వెన్నలా ఏదో మిగిలి ఉంది. కింది పెదవి వణికింది, ఏడవబోయి మానేసింది. కళ్ళు తెరిచింది, రెండూ. నన్ను చూస్తోందో లైటుని చూస్తోందో, నల్లగా, తొందరేమీ లేకుండా చూస్తోంది. నా గొంతు గుర్తుపట్టిందేమో, ఇన్ని నెలలూ నాలుగో ప్లాట్‌ఫారం, ఏడో ప్లాట్‌ఫారం అని లోపల వింటూనే ఉందిగా. వచ్చావా అన్నాను. "తెలుస్తోందా?" అంటోంది డాక్టరమ్మ కిందనుంచి. ముట్టుకున్నట్టుందండీ అన్నాను. ఇప్పుడు? లాగినట్టుంది. నొప్పి? లేదు. మొదలుపెట్టేసిందని అప్పుడు తెలిసింది. దారం వెళ్తోంది, వస్తోంది, ఎవరో పక్కింట్లో గుడ్డ కుడుతున్నట్టు.

ఇంతేనా. ఇది ఇంత సుళువైన పనా. ఇంత సుళువుగా కూడా జరిగి ఉండొచ్చా. చూస్తున్నాను, తనివితీరా చూస్తున్నాను, చూస్తున్నకొద్దీ లోపల ఎక్కడో పిడుగు నా ఛాతీమీద బరువుగా కదులుతోంది, వెచ్చని మూట, ముఖం లేని మూట. అది కూడా ఇలాగే చూసి ఉంటుంది నా వంక. ఇలాగే కళ్ళు తెరిచి వెతికి ఉంటుంది, ఒక్క కన్నుతోనైనా. నేను కనబడి ఉండను. ఇన్నాళ్ళూ నేను పోగొట్టుకున్నది ఏమిటో నాకు తెలియనే లేదు, నొప్పే అనుకున్నాను, ఇదిగో ఇప్పుడు చేతినిండా పట్టుకున్నాక తెలిసింది. కళ్ళు మూసుకుని ఈ ముక్కులోంచి, ఈ కనుబొమల్లోంచి దాని ముఖం వెతికి తీద్దామని చూశాను. రాలేదు. ఇది దీని ముఖమే. దానిది ఎక్కడా లేదు. చెంపలమీంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"అయ్యో, నొప్పి వస్తోందా?" అంది డాక్టరమ్మ, ఈసారి తలెత్తి, నిజంగానే అడుగుతూ. "ఇంకొక్కటే ఉంది. గబుక్కున వేసేస్తాను."

"నొప్పి లేదండీ," అన్నాను. "అస్సలు లేదు. మీరు నిదానంగానే కానివ్వండి."